సెకండ్ షోకి ముందు వడ్డన

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి. రాత్రి ఎనిమిది దాటితే అక్కడి హోటళ్లలో కూర్చున్న చాలామంది కళ్లు గడియారం మీదే. వాళ్లకు వడ్డించే సర్వర్ల పనితనమంటే నాకు ఎంతో ఇష్టం.

మంచి సర్వర్ మెనూ కార్డు చేతికివ్వకముందే అడుగుతాడు: “సినిమాకా అన్నా? ఎన్నింటికి షో?” ఆ ఒక్క జవాబుతో అతని లెక్క మొదలవుతుంది. దమ్ బిర్యానీ హండీలో సిద్ధంగా ఉంటుంది, ప్లేటులోకి తీయడమే తరువాయి. మిర్చీ కా సాలన్, రైతా దాని వెంటే వస్తాయి. తందూరీ చికెన్ అలా కాదు, దాని సమయం దానికి కావాలి. “20 నిమిషాలు పడుతుందన్నా, టైటిల్స్ పోతాయి” అని ముందే చెప్పేస్తాడు. పెద్ద బిల్లు వదులుకుని మన సినిమాను కాపాడే ఆ మాటకు చేతులెత్తి మొక్కాలి. తెలుగువాడికి హీరో ఎంట్రీ తప్పిపోవడం చిన్న నష్టమా!

ఇంకా గొప్ప సంగతి, ఆ తొందరను మన దాకా రానివ్వకపోవడం. వంటింటి గుమ్మం దగ్గర కేకలేస్తాడు, మన టేబుల్ దగ్గర మాత్రం నెమ్మది. పిల్లాడికి కారం తగలకుండా పైపై తెల్లన్నం ఏరి వడ్డిస్తాడు. ఏ షోకీ వెళ్లని పెద్దాయన పక్క టేబుల్‌పై తీరిగ్గా టీ తాగుతుంటే, బయట ఎంతమంది నిలబడ్డా ఆయన్ని కదిలించడు. ఖుబానీ కా మీఠాతో పాటే బిల్లూ, సోంపూ వచ్చేస్తాయి. చిల్లర కోసం కౌంటర్ దాకా వెళ్లే పనే పెట్టుకోడు, అది అప్పటికే అతని జేబులో ఉంటుంది.