పెట్టె సరే, కేబుల్ ఎక్కడ గుచ్చుతారు?

1997లో వచ్చిన డాఫ్ట్ పంక్ అనే సంగీత జంట తొలి ఆల్బమ్ ‘హోమ్‌వర్క్’ చాలావరకు పారిస్‌లో ఒక పడకగదిలోనే తయారైంది. ఆ ఇద్దరు కుర్రాళ్లు వాడిన కంప్రెసర్ అలెసిస్ 3630. అప్పట్లో అది దుకాణాల్లో దొరికే చవకరకం పెట్టె. పెద్ద స్టూడియోల ఇంజనీర్లకు దాని పేరెత్తితేనే చిన్నచూపు. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా మిగతా సంగీతమంతా లోపలికి నొక్కుకుపోయి, మళ్లీ ఉబ్బి పైకి రావడం వాళ్ల బాణీకి గుర్తుగా నిలిచిపోయింది. కంప్రెసర్ ఏ పని చేస్తే ఇంజనీర్లు తిట్టుకుంటారో, అక్కడ సరిగ్గా అదే కావలసి వచ్చింది.

ఇది విని పాత 3630 కోసం వెతుకులాట మొదలుపెడితే మాత్రం కష్టం. ఇంట్లో అన్నమయ్య కీర్తన పాడి యూట్యూబ్‌లో పెట్టుకునే గాయనికి ఆ ఉబ్బరింపు పనికిరాదు. కంప్రెసర్ చవకదా, ఖరీదైనదా అన్నది రెండో ప్రశ్న. ఏ గొంతుకు, ఏ గదిలో, ఏ వైరుకూ ఏ వైరుకూ మధ్య అన్నది మొదటిది.

పని సూటిగానే ఉంటుంది. ధ్వని ఒక హద్దు దాటగానే కంప్రెసర్ దాన్ని తగ్గిస్తుంది. ఆ హద్దు థ్రెషోల్డ్. ఎంత తగ్గించాలో రేషియో చెబుతుంది. 4:1 అని పెడితే, హద్దును 8 డెసిబెల్స్ దాటిన స్వరం 2 డెసిబెల్సే దాటినట్టు బయటికొస్తుంది. తారస్థాయిలో గొంతెత్తిన చోటు, వాక్యం చివర గొణిగిన అక్షరం దగ్గరదగ్గరగా జరుగుతాయి. ఆ తర్వాత గెయిన్ నాబు తిప్పి మొత్తాన్ని పైకి లేపుతారు. చిక్కంతా ఈ లేపడంలోనే ఉంది.

గొంతుతో పాటు గది కూడా లేస్తుంది మరి. గొంతును 8 డెసిబెల్స్ నొక్కి, పాటనంతా 8 డెసిబెల్స్ పెంచితే, పాట ఆగిన చోట వినబడే సీలింగ్ ఫ్యాను, పక్కింటి కుక్కర్ కూత, వీధిలో కూరగాయల బండి మైకు కూడా అంతే పెరుగుతాయి. కర్ణాటక సంగీతం పాడేవాళ్లకు ఇంకో తలనొప్పి శ్రుతిపెట్టె. దాన్ని గదిలో మోగిస్తూ అదే మైకులో పాడితే, పాట అందుకోగానే శ్రుతి అణిగిపోతుంది, ఊపిరి కోసం ఆగగానే పొంగుతుంది. ఒకసారి చెవిన పడిందంటే ఇక పాట మీద మనసు నిలవదు, ఆ పొంగే వినబడుతుంది. నొక్కిన పట్టు వదలడానికి పట్టే రిలీజ్ సమయం పెంచితే కొంత సర్దుకుంటుంది కానీ, పూర్తిగా పోదు. లక్ష రూపాయల కంప్రెసర్ కూడా దీనికి మందు కాదు. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుని, ఇయర్‌ఫోన్‌లో వింటూ పాడి, శ్రుతిని తర్వాత వేరే ట్రాక్‌లో కలపడమే మార్గం. ఇందుకు పైసా ఖర్చు లేదు.

డప్పు దగ్గరికొస్తే లెక్క మారుతుంది. దాని ప్రాణమంతా పుల్ల తోలును తాకిన తొలి కొన్ని మిల్లీసెకన్లలోనే ఉంటుంది. నొక్కడం అందుకోవడానికి కంప్రెసర్‌కు పట్టే సమయం, అంటే అటాక్‌ను 1 మిల్లీసెకనుకు దించితే ఆ పదును చచ్చిపోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. 30 దగ్గర పెడితే దెబ్బ తప్పించుకుని వెళ్లిపోతుంది, వెనకాల వచ్చే మోత మాత్రమే అణుగుతుంది. అందుకే అటాక్, రిలీజ్ నాబులు విడివిడిగా ఉన్నాయా లేవా అన్నది చూసుకోవాలి. 1960ల నాటి టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ కంప్రెసర్‌లో అటాక్ నాబే లేదు. అందులో సిగ్నల్‌ను బట్టి వెలిగే ఒక పలక, ఆ వెలుగుకు నిరోధం మారే ఒక సెల్ ఉంటాయి. వాటి తాపీ నడకే దాని నడక. పాటకు అది చక్కగా నప్పుతుంది. అదే దశాబ్దం చివర్లో వచ్చిన 1176 అనే కంప్రెసర్ అయితే ట్రాన్సిస్టర్ సాయంతో 20 మైక్రోసెకన్లలోనే దెబ్బను పట్టేస్తుంది. ఈ రెండింటికీ ఇప్పుడు క్లోన్లు, కంప్యూటర్‌లో నడిచే ప్లగిన్లు కొల్లలు. పేరు చూసి కొనేవాళ్లు ఎక్కువ, నడక చూసి కొనేవాళ్లు తక్కువ.

ఇక కేబుల్ సంగతి. ఇంటి స్టూడియోల్లో తరచూ కనబడే ఎర్ర పెట్టె ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్, దాన్ని డిజిటల్‌గా మార్చే చిప్పు రెండూ దాని లోపలే ఉంటాయి. ఆ రెంటి మధ్యలో ఇంకో పెట్టె తగిలించడానికి ఇన్సర్ట్ లేదు. పోనీ మైకును నేరుగా కంప్రెసర్‌కు గుచ్చుదామంటే, మైకు సిగ్నల్ మరీ బలహీనం. మామూలు కంప్రెసర్లు లైన్ స్థాయి కోసం చేసినవి. అంటే విడిగా ఒక ప్రీఆంప్ కొనాలి. రికార్డయ్యాక ట్రాకును బయటికి పంపి, కంప్రెసర్ గుండా వెనక్కి తెచ్చుకుందామన్నా, ఉన్న రెండు లైన్ అవుట్‌పుట్లూ స్పీకర్లకే సరి. వాడిన ప్రతిసారీ ఆ వైర్లు పీకి మళ్లీ పెట్టాలి. నాలుగు అవుట్‌పుట్లున్న 4ఐ4 లాంటిదైతే ఈ బాధ ఉండదు. ఇన్సర్టులున్న మిక్సర్ ఉన్నవాళ్లకూ ఉండదు. చవక పెట్టె అని సంబరపడేవాళ్లు ఈ వెనక ఖర్చును లెక్కలో వేసుకోరు.

అసలు పాడుతుండగానే నొక్కాల్సిన అవసరం ఇంట్లో ఎంత? టేపు రోజుల్లో ఉండేది. చిన్న ధ్వనులు టేపు గరగరలో మునిగిపోయేవి. ఇప్పుడు 24 బిట్ రికార్డింగ్‌లో కాగితం మీద 144 డెసిబెల్స్ విస్తృతి ఉంది, 16 బిట్‌లో 96. గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 12 దాటకుండా గెయిన్ తగ్గించి పెట్టుకుంటే చాలు, నొక్కడం తర్వాత చూసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. కాబట్టి మొదటి కంప్రెసర్ ఉచిత ప్లగిన్ కావడమే న్యాయం. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రీకాంప్ చూపుకు ఇంపుగా ఉండదు కానీ, అన్ని నాబులూ ఉన్నాయి. నేర్చుకోవడానికి దానికి మించినది అక్కర్లేదు. టోక్యో డాన్ వాళ్ల కొటెల్నికోవ్ ఉచిత రూపం మొత్తం మిక్సుకు శుభ్రంగా పనిచేస్తుంది. తిప్పడానికి ఓపిక లేనివాళ్లకు క్లాంగ్‌హెల్మ్ డీసీ1ఏ, ప్రధానంగా రెండే పెద్ద నాబులు.

అయినా చేత్తో తిప్పే నాబే కావాలనే వాళ్లుంటారు, తప్పేం లేదు. లైవ్‌లో పాడేవాళ్లకు, స్ట్రీమింగ్ చేసేవాళ్లకు నిజంగానే అవసరం. వాళ్లకు ఎఫ్ఎమ్ఆర్ ఆడియో అనే చిన్న అమెరికా సంస్థ చేసిన ఆర్ఎన్‌సీ మంచి దారి. పేరులో ఉన్నది ‘రియల్లీ నైస్ కంప్రెసర్’ అనే గడుసు మాట. అమెరికాలో చాలా ఏళ్లు 200 డాలర్ల లోపే అమ్మారు. అయిదు నాబుల నల్లపెట్టె, స్టీరియో, సొగసులు సున్నా, పనితనం మాత్రం ధరకు మించి. డీబీఎక్స్, బెహ్రింగర్ వాళ్ల రెండు చానెళ్ల ర్యాక్ పెట్టెలు లైవ్ పనికి సరిపోతాయి.

అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులో తెప్పించుకునేవాళ్లు ముందు పెట్టె వెనక చూడమని అడగాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక 115, 230 అని స్విచ్ ఉంటే జరిపి వాడుకోవచ్చు. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఒక్కోసారి అది కంప్రెసర్ కంటే బరువు. బయట అడాప్టరున్న వాటికి అడాప్టర్ మారిస్తే సరిపోతుంది, పాతదాని మీద ఎన్ని వోల్టులు, ఏసీనా డీసీనా అన్నది చదివాకే.