చిన్న గ్లాసులో పెద్ద కష్టం: తీపి వైన్ కథ

ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఆయుర్వేద మందుల అంగడికి వెళ్లి అడిగితే ద్రాక్షారిష్టం సీసా చేతికిస్తారు. ఆకలి మందగించిందనో, దగ్గు వదలడం లేదనో పెద్దలు దాన్ని భోజనమయ్యాక కొంచెం కొంచెంగా, సమానంగా నీళ్లు కలుపుకొని తాగుతారు. ప్రపంచంలో చాలాచోట్ల విందు చివర చిన్న గ్లాసుల్లో పోసే తీపి వైన్లకు ఇది దగ్గరి చుట్టం. అందుకే ఆ వైన్లను అర్థం చేసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు, ఈ సీసా దగ్గర మొదలుపెట్టవచ్చు.

శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం దీని పాకం చెబుతుంది. 50 పలాల (పలం పాతకాలపు తూకం) ద్రాక్షను నీళ్లలో కాచి, నాలుగో వంతు మిగిలేదాకా మరగనిచ్చి వడకట్టాలి. కషాయం చల్లారాకే 200 పలాల బెల్లం కలపాలి. ఏలకులు, దాల్చినచెక్క, నాగకేసరాలు, పిప్పళ్లు, మిరియాల వంటి దినుసుల పొడి వేసి, పాత్ర మూతి బిగించి పులియబెట్టాలి. చల్లారేదాకా ఆగడంలోనే ఉంది కిటుకు, వేడికి ఈస్ట్ బతకదు. ద్రాక్షకు నాలుగింతల బెల్లం పడుతుంది కాబట్టి ఈస్ట్ ఆ తీపినంతా మద్యంగా మార్చలేక మధ్యలోనే అలసిపోతుంది. అది తినగా మిగిలినదే మన నాలుకకు తగిలే తీపి.

యూరప్ రైతులు బెల్లం జోలికి పోకుండా పండులోని నీటిని తగ్గించే దారులు వెతికారు. ఇటలీలో విన్ శాంతో అనే వైన్ కోసం ద్రాక్ష గుత్తులను వడలేదాకా ఆరబెడతారు. ఫ్రాన్స్‌లోని సోటెర్న్‌లో సిరోన్ అనే చల్లని ఏరు గరోన్ నదిలో కలిసేచోట శరదృతువు ఉదయాలు పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకు బోట్రైటిస్ అనే బూజు పట్టి పండు తొక్కకు సన్నని రంధ్రాలు పడతాయి. మధ్యాహ్నపు ఎండకు నీరు ఆవిరై, రసం చిక్కబడుతుంది. పండ్లన్నీ ఒకేసారి ఆ స్థితికి రావు కనుక కూలీలు తోటను పలుమార్లు తిరిగి, బూజు సరిగ్గా పట్టినవాటినే ఏరుకొస్తారు. అక్కడి షాతో దికెమ్ అనే వైన్ తోటలో ఒక ద్రాక్ష చెట్టుకు ఒక గ్లాసు వైన్ వస్తుందని చెబుతారు. హంగేరీ వాళ్ల టోకాయ్ అసూ కూడా ఇలాంటి బూజు పండ్లదే, లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉంటుంది. యూరప్ దాటి కెనడాలో మైనస్ 8 డిగ్రీల చలికి చెట్టుమీదే గడ్డకట్టిన పండ్లను పిండి ఐస్ వైన్ చేస్తారు. పోర్చుగల్ పోర్ట్ వైన్‌ది వేరే పద్ధతి, పులుస్తున్న రసంలో ద్రాక్ష స్పిరిట్ పోసి తీపి ఉండగానే ఈస్ట్‌ను ఆపేస్తారు.

సికింద్రాబాద్, గుంతకల్లు రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల క్రిస్మస్ వైన్ ద్రాక్షారిష్టానికీ యూరప్ పద్ధతులకూ మధ్యది. నల్లద్రాక్ష, పంచదార, కాస్త ఈస్ట్, గుప్పెడు గోధుమలు, లవంగాలు, దాల్చినచెక్క పింగాణీ జాడీలో వేసి, చెక్క గరిటెతో రోజూ కలుపుతూ వారాలపాటు పులియబెట్టి వడకడతారు. పండగనాడు ప్లమ్ కేకుకు అదే తోడు.

అయితే తీపి ఒక్కటే ఉంటే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. పులివెందుల చీనీపండు ఎన్ని తొనలు తిన్నా విసుగు రానిది అందులోని పులుపు వల్ల. మంచి తీపి వైన్‌కూ ఆ పులుపే వెన్నెముక. మింగాక నోరు జిగటగా కాక తేటగా ఉందంటే తయారీ కుదిరినట్టే.

తాగడానికి 50 మిల్లీలీటర్లు చాలు. ఫ్రిజ్‌లో చల్లబరిచి, ముందు వాసన చూడండి: సోటెర్న్‌లో తేనె, ఎండిన ఆప్రికాట్ పరిమళాలు అందుతాయి. పక్కన పెట్టే మిఠాయికంటే వైనే తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ పుల్లగా తోస్తుంది. అందుకే పూర్ణం దండిగా పెట్టిన ఓళిగ పక్కన తేలిక వైన్ నిలవదు. దానికి పోర్ట్ లాంటి చిక్కనిది కావాలి. వేయించిన జీడిపప్పు, ఉప్పటి చీజ్ అయితే ఇంకా బాగా కుదురుతాయి. సంగటి, నాటుకోడి పులుసు తిన్న నోటికి మద్యం తక్కువగా ఉన్న తీపి వైన్ హాయినిస్తుంది. మద్యం ఎక్కువైతే మిరప మంట రేగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు మాట దాటకూడదు.

కొద్దిగా తాగడం ఇక్కడ పిసినారితనం కాదు. చెట్టంత పంట, ఏరిన చేతుల ఓర్పు, నెలలు ఏళ్లు పట్టిన పులియడం ఆ చిన్న గ్లాసులోకి చేరాయి. మత్తు కోసం తాగేవాడికి అవేవీ అందవు. ద్రాక్షారిష్టాన్ని కొలిచి తాగిన ఇళ్లలో పుట్టినవాళ్లం, రుచి కోసం కొలిచి తాగడం మనకు సులువుగానే పట్టుబడుతుంది.