అట్టల్లేని అంచు

ధర్మవరంలో బండెక్కితే పెనుకొండ దాటాక హిందూపురంలో దిగాలి. అక్కణ్ణుంచి లేపాక్షికి 15 కిలోమీటర్లు. మా నాయన ఏడాదికోసారైనా ఆ దారి పట్టేవాడు. భక్తి కొంత, పని ఎక్కువ. మగ్గాలకు డిజైన్లు గీసే మనిషి. జేబులో పెన్సిలు, చంకలో గ్రాఫు కాగితాల చుట్ట.

వచ్చినవాళ్లంతా ముందు నంది దగ్గర ఆగుతారు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకే రాయి. ఎండకూ వానకూ ఆరుబయట మెడ ఎత్తుకుని కూర్చుంది. నాయన చూపు మాత్రం దాని మెడలోని గంటల పేరు మీదే. "గంటకూ గంటకూ నడుమ జాగా చూడ్రా" అనేవాడు.

ఆ తర్వాత గుడి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించింది. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగేవాళ్లను దాటుకుని, పూర్తికాని కల్యాణ మండపం పక్కనున్న లతా మండపానికి పోయేవాళ్లం. ఆ స్తంభాల మీద తీగలు, పువ్వులు, గళ్లు. ఒక పలకలో ఉన్నది పక్క పలకలో ఉండదు. చీరల కొట్లో 'లేపాక్షి అంచు' అని చూపించేవాటికి పుట్టిల్లు ఇదే. ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది 2022లో. మా మగ్గాలకు ఎప్పుడో ఎక్కింది.

రాతి తీగను పట్టులోకి దించడం తేలిక కాదు. గ్రాఫులో అన్నీ గడులే, వంపు అనేదే ఉండదు. తీగ తిరిగిన చోటల్లా మెట్లు మెట్లుగా గీయాలి. పోగులు దట్టంగా ఉంటే మెట్లు చిన్నవై, కంటికి వంపులా కనబడతాయి. రాతిలో లోతు వల్ల వచ్చిన నీడను ఇక్కడ రంగుపోగుతో తేవాలి. గ్రాఫులో ఒక్కో అడ్డవరుసకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట మగ్గం మీది జకార్డు యంత్రం నిలువుపోగును లేపుతుంది, లేనిచోట వదిలేస్తుంది. అట్టల దండ ఒక చుట్టు తిరిగితే డిజైను ఒకసారి పడుతుంది. మళ్లీ మొదటి అట్ట.

ఒకసారి నాయన ఒక తీగ వరుస ముందు నన్ను నిలబెట్టి, రాతికి తగలనీయకుండా ఆకు తర్వాత ఆకు వేలితో చూపిస్తూ పోయాడు. దూరానికి అన్నీ ఒకటే. దగ్గరికి పోతే ఒక ఆకు కొస రవ్వంత పక్కకు వాలి ఉంది. ఉలి జారిందో, శిల్పికే అట్లా తోచిందో.

"దీనికి అట్టల్లేవు కదరా" అన్నాడు నాయన.

ఆయన పోయాక ఆ తీగను అంచుగా నేను గీశాను. గుర్తుగా ఒక ఆకు కొసను పక్కకు వంచాను. వారానికి మగ్గం దగ్గర్నుంచి ఫోను: "అన్నా, అట్ట తప్పు కొట్టినారా ఏంది? ఆకు వంకర పోతాంది."

పోయి చూశాను. దండ తిరిగిన ప్రతిసారీ అదే ఆకు, అదే వంకర. నేసినంత మేరా, ఒక్కటీ తప్పకుండా.