ఎక్కడ ఆగాలో నేర్పే చదువు

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన సేవల్ని అంచెలంచెలుగా కట్టుకుంది. సుమారు 5 వేల జనాభాకు ఒక విజన్ గార్డియన్, 50 వేలకు ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఆపరేషన్లు చేసే చిన్న కంటి ఆసుపత్రి, 50 లక్షలకు బోధన కూడా సాగే పెద్దాసుపత్రి, 5 కోట్లకు పరిశోధనలూ చేసే ప్రధాన కేంద్రం. ఈ ఏర్పాటును మెచ్చుకునేవాళ్ల చూపు సాధారణంగా పై అంచెల మీద, అక్కడి సర్జన్ల మీద నిలుస్తుంది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం కింది నుంచి రెండోది. విజన్ సెంటర్‌లో డాక్టరు ఉండరు. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చిన, ఇంటర్ దాకా చదివిన అమ్మాయో అబ్బాయో ఉంటారు. వాళ్లను విజన్ టెక్నీషియన్ అంటారు. ఈ పని ఏడాది శిక్షణతో మొదలైంది. ఆ ఏడాదిలో ఏం నేర్పాలో, అంతకంటే ముఖ్యంగా ఏం నేర్పనక్కర్లేదో తేల్చుకున్న తీరులో గొప్ప పనితనం ఉంది.

ఇలాంటి శిక్షణకు కొలత పాఠ్యపుస్తకంలో దొరకదు, జనంలో ఉన్న జబ్బులో దొరుకుతుంది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ ఈ సంస్థ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. అంధత్వంలో దాదాపు 44 శాతానికి శుక్లం కారణమని, మరో 16 శాతానికి సరిచేయని సైటు కారణమని తేలింది. అంటే చూపు పోయిన ప్రతి అయిదుగురిలో ముగ్గురికి ఒక మామూలు ఆపరేషనో, ఒక జత కళ్లద్దాలో చాలు. ఈ లెక్కను ఎదురుగా పెట్టుకుంటే టెక్నీషియన్ పని తేలిపోతుంది. సైటు కొలిచి అద్దాలు రాయాలి. శుక్లాన్ని గుర్తుపట్టి పైకి పంపాలి. మిగతా ప్రమాదాల్లో దేన్నీ కన్నుగప్పి పోనీయకూడదు.

మొదటిది తేలికగా వినిపిస్తుంది గానీ కష్టమంతా అక్కడే. సైటు కొలిచే చేతిపనిని రెటినోస్కోపీ అంటారు. చేతిలో ఇమిడే పరికరం నుంచి సన్నని వెలుగు గీత రోగి కంటిపాప మీద పడుతుంది. లోపలి రెటీనా నుంచి అది ఎర్రటి మెరుపుగా తిరిగివస్తుంది. పరీక్షించేవాళ్లు పరికరంలోని చిన్న కంత గుండా దాన్ని చూస్తూ గీతను మెల్లగా పక్కకు ఊపుతారు. మెరుపు కూడా గీత వెంటే అటే కదిలితే ప్లస్ అద్దం కావాలి. ఎదురు కదిలితే మైనస్. అద్దాలు మారుస్తూ పోతే ఒక దగ్గర ఆ కదలిక ఆగిపోయి, కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతో నిండుతుంది. కొలత అదే. ఆ బిందువుకు దూరంగా ఉన్నప్పుడు మెరుపు మసకగా, బద్ధకంగా కదులుతుంది. దగ్గరపడే కొద్దీ కాంతి పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు మొదటి ఊపులోనే ఎన్ని పాయింట్ల దూరంలో ఉన్నారో పసిగట్టేది ఆ వేగాన్ని బట్టే. గీతను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి చూస్తారు. రెండు కొలతలూ వేరైతే ఆ తేడాయే సిలిండర్ పవర్.

రోగి ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. అక్షరాలు రానివాళ్లకు, చెవులు వినపడని ముసలివాళ్లకు, మాటలు రాని పసివాళ్లకు ఈ పద్ధతి ఎంత ఆసరానో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అయితే పరీక్షించేవాళ్లు కూర్చునే దూరం కూడా లెక్కలో భాగమే. 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే వచ్చిన అంకె నుంచి ఒకటిన్నర పాయింటు తీసేయాలి. అద్దం ప్లస్ 3 దగ్గర కదలిక ఆగితే అసలు సైటు ప్లస్ ఒకటిన్నరే. ఇక నేర్చుకునే పిల్ల ఉత్సాహం కొద్దీ ముందుకు వంగి 50 సెంటీమీటర్లకు వచ్చేస్తే తీయాల్సింది 2 పాయింట్లు అవుతుంది. జానెడు కూడా లేని ఆ వంగుడు కళ్లద్దాల్లో అర పాయింటు తప్పుగా మారుతుంది. అందుకే మంచి గురువులు మొదట్లో కంటి సంగతి ఎత్తకుండా కుర్చీ, వెన్ను, చాపిన చెయ్యి సరిచేస్తారు. రోగి చూపు దూరంలో ఉన్న గుర్తు మీద నిలిచి ఉండాలన్నది రెండో పట్టుదల. దగ్గరి వస్తువును చూశాడా, కంటి లోపలి కండరం బిగుసుకుని కొలత మారిపోతుంది. పిల్లల్లో ఈ బిగువు మరీ ఎక్కువ. చుక్కల మందు వేసి చూడాల్సిన పిల్లల్ని డాక్టరు దగ్గరికి పంపడం అందుకే.

సాధన మనుషుల మీద మొదలవదు. నమూనా కన్ను ఉంటుంది. ముందు కటకం, వెనక రెటీనాకు బదులు ఒక పలక, ఒకదానిలోకి ఒకటి జరిగే రెండు గొట్టాలు. గొట్టం జరిపితే సైటు మారుతుంది. గురువు ఏదో ఒక అంకె దగ్గర పెట్టి కొలబద్దను కనపడకుండా తిప్పేస్తారు. దాని మీద చెయ్యి కుదిరాక తోటి విద్యార్థుల కళ్లు, ఆ తర్వాత రోగులు. ఆ దశలో శిష్యుడి అంకె చూడకుండా గురువు మళ్లీ కొలిచి, రెండూ పక్కపక్కన పెడతారు. తేడా ఎటు వస్తోందన్నదే అసలు పాఠం. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే కూర్చునే దూరం తేడా. అటూ ఇటూ తప్పుతుంటే కంటికి ఇంకా ఓపిక రాలేదన్నమాట.

చత్వారం దగ్గరికి వచ్చేసరికి కొలత సగం యంత్రంలో ఉంటే సగం మాటల్లో ఉంటుంది. మీ పని ఏమిటి అని అడగాలి. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. బియ్యంలో రాళ్లేరే ఆవిడకు, మగ్గం మీద పోగులు చూసుకునే నేతగాడికి, స్కూటర్ ఇంజన్ విప్పే మెకానిక్కుకు దూరాలు వేరు. వయసు పట్టిక చూసి అద్దం రాసేస్తే అది పట్టికకు సరిపోతుంది, ఆ మనిషికి సరిపోదు.

ఇక ఎక్కడ ఆగాలి? ఇది తేల్చేందుకు వాడే పనిముట్టు నల్లటి బిళ్లకు మిల్లీమీటరు పైచిలుకు కంత, అంతే. పేరు పిన్‌హోల్. మసక కనిపించేవాళ్లు దాని గుండా అక్షరాల చార్టు చూస్తారు. వెడల్పాటి కంటిపాప గుండా వచ్చే కిరణాలు చెదిరి మసక పుడుతుంది కాబట్టి, సన్నని పాయనే లోపలికి రానిస్తే చెదురు తగ్గుతుంది. చూపు మెరుగైందంటే లోపం చాలావరకు సైటులోనే ఉంది, అద్దాలతో సరిపోతుంది. మెరుగుపడలేదంటే కారణం కటకంలోనో, రెటీనాలోనో, నరంలోనో ఉంది, పైకి పంపాలి. కొన్ని రకాల శుక్లాల్లో కూడా కాస్త మెరుగు కనిపిస్తుంది గనుక దీన్ని ఒంటరిగా నమ్మరు. ఆ పరిమితిని కూడా చెప్పి నేర్పుతారు. డాక్టరు లేని గదిలో డాక్టరు ఎవరికి కావాలో తేల్చే పనిని ఇంత చవక బిళ్లకు ఒప్పగించిన తెలివికి నేను దండం పెడతాను.

కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ దగ్గర ఇలాంటి నేర్పే మరోటి కనిపిస్తుంది. సన్నని వెలుగు రేకను కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియా అంచున పక్క నుంచి వేస్తే, కార్నియా మందం ఒక పట్టీగా, దాని వెనక ఖాళీ నల్లటి పట్టీగా కనిపిస్తాయి. స్కేలు అక్కర్లేదు, రోగి కార్నియాయే స్కేలు. వెనక ఖాళీ ఆ మందంలో పావు వంతో అంతకంటే తక్కువో ఉంటే లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకన్నమాట. అలాంటి కంట్లో పాపను పెద్దది చేసే మందు వేస్తే ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి నీటికాసుల ప్రమాదం రావచ్చు. కాబట్టి మందు సీసా పక్కన పెట్టి, పైకి చీటీ రాయాలి.

చట్టాల్లో మాత్రం ఈ టెక్నీషియన్ పనికి కుదురైన చోటు ఇంకా దొరకలేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రధానంగా ఫ్యాక్టరీ పనుల్ని దృష్టిలో పెట్టుకుని వచ్చింది. 2014 సవరణతో యజమానులే కొత్త వృత్తులకు శిక్షణ రూపొందించుకునే వీలు కలిగింది. 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని నిర్వచనం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తుల చదువు రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2 వేల గంటలు ఉండాలి. ఏడాది శిక్షణలకు ఇది చిక్కే. రోగి భద్రత కోసం ఒక కనీస హద్దు అవసరమే, కాదనను. కానీ గంటలు లెక్కపెట్టడం తేలిక కనుక అక్కడితో సరిపెట్టుకుంటారేమోనని నా అనుమానం. శిష్యుడి పుస్తకంలో గంటలతో పాటు మరికొన్ని వరుసలు ఉండాలి. నమూనా కన్ను మీద ఎన్ని కొలతలు, పెద్దవాళ్ల మీద ఎన్ని, పసివాళ్ల మీద ఎన్ని, ముదురుతున్న శుక్లం వెనక మసక మెరుపును పట్టుకున్నవి ఎన్ని, గురువు అంకెతో తేడా నెలనెలా ఎంత తగ్గింది, పైకి పంపినవాళ్లలో నిజంగా పంపాల్సినవాళ్లు ఎందరు. చివరి వరుస నింపాలంటే పై ఆసుపత్రి నుంచి ఆ రోగి సంగతి మళ్లీ ఈ చిన్న గదికి తిరిగి రావాలి. చాలా శిక్షణల్లో తెగిపోయేది ఆ దారమే.