స్వరానుకరణ – రసానుభవం: ఘంటసాల పాటల విభావరులపై ఒక పరిశీలన

ప్రవేశిక

ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) మరణించి అర్ధశతాబ్ది దాటింది. ఏటా ఫిబ్రవరి 11న వర్ధంతికీ, డిసెంబరు 4న జయంతికీ తెలుగునాట పలు పట్టణాల్లోనూ, తెలుగువారు స్థిరపడిన విదేశీ నగరాల్లోనూ ఆయన పాటలతో సంగీత విభావరులు జరుగుతున్నాయి. వీటిలో చాలావాటికి 'ఆరాధన' అని పేరు పెట్టడం గమనార్హం. తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధనను తలపించే ఈ మాట సభామందిరాన్ని ఆలయంగా, గాయకుణ్ణి అర్చకుడిగా, శ్రోతను భక్తుడిగా మారుస్తుంది. అర్చనలో గుణదోష విచారణకు తావులేదు. అందుకే ఈ విభావరుల గురించి వార్తలు కనిపించినంతగా విమర్శ కనిపించదు. పాడినవారి పేర్లు, సన్మానం పొందినవారి పేర్లు, శ్రోతలు ఆనందించారన్న ఒక వాక్యంతో ఆ వార్తలు ముగుస్తాయి.

ఒక మహాగాయకుడి పాటలను ఆయనలాగే పాడే ప్రయత్నంతో మరొకరు వేదికనెక్కినప్పుడు శ్రోతకు కలిగేది రసానుభవమా, జ్ఞాపకమా, నైపుణ్యాన్ని చూసిన ఆశ్చర్యమా? ఒక విభావరి బాగుందనో బాగులేదనో చెప్పడానికి ఏ ప్రమాణాలు ఉపకరిస్తాయి? ఈ ప్రశ్నలను అలంకారశాస్త్ర పరిభాష సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనుకరణవాదం – ఒక కొత్త సందర్భం

భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శ్రీశంకుకుడు రసాన్ని అనుకరణరూపంగా భావించాడు. నటునిలో రాముణ్ణి చూసే ప్రేక్షకుని ప్రతీతిని చిత్రతురగన్యాయంతో వివరించాడు. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమే అనుకోవడం సత్యజ్ఞానమూ కాదు, మిథ్యాజ్ఞానమూ కాదు, సంశయమూ కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. నాటకంలోని ప్రతీతి ఈ నాలుగింటికీ భిన్నమైనదని ఆయన వాదం. అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు దీన్ని ఖండించాడు. ఆ ఖండనలో ముఖ్యమైన అంశం ఒకటుంది. ఒక చేష్ట అనుకరణ అని గుర్తించాలంటే మూలాన్ని ముందుగా ఎరిగి ఉండాలి. రాముని రతిభావాన్ని ఏ ప్రేక్షకుడూ చూడలేదు. చూడనిదానికి ఇది అనుకరణ అని ఎలా తెలుస్తుంది?

ఘంటసాల విభావరి విషయంలో ఈ ఆక్షేపణ తలకిందులవుతుంది. ఇక్కడ మూలం శ్రోతకు తెలుసు. తెలియడమే కాదు, అది అతని జేబులోని ఫోనులోనే ఉంది. ఏ సంగతి తరువాత ఏ సంగతి వస్తుందో, ఏ పదం మీద గొంతు ఎంత ఒదుగుతుందో చెవికి ముందే తెలుసు. మూలంతో అక్షరాక్షరం సరిపోల్చుకొనే అవకాశం నాటక ప్రేక్షకునికి ఎన్నడూ లేదు. శంకుకుడు చెప్పిన అనుకరణ అక్షరాలా సాధ్యపడే కళారూపం ఏదైనా ఉంటే అది ఇదే. కనుక అనుకరణ నుంచి రసం పుడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

పాశ్చాత్య దేశాల్లో 'ట్రిబ్యూట్ బ్యాండ్' అని పిలిచే బృందాలు ఈ అనుకరణను మరింత దూరం తీసుకువెళ్లాయి. 1988లో మెల్‌బోర్న్‌లో ఏర్పడిన బ్యోర్న్ ఎగైన్ బృందం స్వీడన్‌కు చెందిన ఆబా బృందం పాటలతో పాటు దుస్తులను, హావభావాలను కూడా అనుకరించింది. మాంట్రియల్‌కు చెందిన ది మ్యూజికల్ బాక్స్ బృందం జెనెసిస్ బృందం 1970ల తొలి సంవత్సరాల్లో ఇచ్చిన ప్రదర్శనలను వేషధారణతో, రంగాలంకరణతో సహా పునర్నిర్మిస్తుంది. అక్కడ మూలం ఒక ప్రదర్శన. దాన్ని చూసినవారు ఉన్నారు కాబట్టి వేషం కూడా అనుకరణలో భాగమైంది.

తెలుగు విభావరిలో పరిస్థితి వేరు. ఘంటసాల ప్రధానంగా నేపథ్యగాయకుడు. ఆయన పాట లోకానికి అందింది ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటుల ముఖాల మీదుగా. నటుని వాచికానికి అనుగుణంగా ఆయన తన గొంతును మలచుకొనేవాడు. అంటే శ్రోత ఎరిగిన ఘంటసాల గాత్రం ఒకటి కాదు. పాత్రను బట్టి, నటుణ్ణి బట్టి మారిన అనేక గాత్రాలు. 'దేవదాసు' (1953) లోని నిస్పృహకూ 'లవకుశ' (1963) లోని గాంభీర్యానికీ గొంతు ఒకటే అయినా కాకువు ఒకటి కాదు. తానే పరకాయప్రవేశం చేసిన గాయకుణ్ణి అనుకరించేవాడు ఏ ఘంటసాలను అనుకరిస్తాడు? చాలామంది గాయకులు ఒక సగటు ఘంటసాలను, అంటే కొంత బరువు, కొంత అనునాసికత కలిపిన ఒక ముద్రను, తయారుచేసుకొని అన్ని పాటలకూ దాన్నే వాడతారు. విభావరి సగానికి వచ్చేసరికి పాటలన్నీ ఒకే పాటలా వినిపించడానికి ఇది ప్రధాన కారణం.

మూడు రకాల సంవాదం

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో కావ్యాల మధ్య సాదృశ్యాన్ని 'సంవాదం' అని పేర్కొని మూడుగా విభజించాడు: ప్రతిబింబం వంటిది, చిత్రం వంటిది, తుల్యదేహి వంటిది. మొదటిదానికి తనదైన ఆత్మ లేదు. రెండవదాని ఆత్మ తుచ్ఛం. మూడవదానికి స్వతంత్రమైన ఆత్మ ఉంది కనుక పోలిక ఉన్నప్పటికీ కవి దాన్ని విడువనక్కరలేదు. కవులను ఉద్దేశించి చేసిన ఈ విభజన విభావరి గాయకులకూ చక్కగా అన్వయిస్తుంది.

మొదటి వర్గం గాయకులు రికార్డును అద్దంలో చూపుతారు. ఊపిరి తీసుకొనే చోటును సైతం వదలరు. శ్రోతలు "అచ్చం ఘంటసాలే" అని చప్పట్లు కొడతారు. ఆ ప్రశంసను జాగ్రత్తగా పరిశీలించాలి. 'దేవదాసు' పాటకు స్థాయిభావం శోకం. ఆ పాట మధ్యలో చప్పట్లు మోగాయంటే శ్రోతకు కలిగింది విస్మయం. అతడు దేవదాసు దుఃఖాన్ని అనుభవించడం లేదు, గాయకుని నేర్పును మెచ్చుకుంటున్నాడు. పాట ఏ రసానికి చెందినదైనా ఈ పద్ధతిలో చివరికి మిగిలేది అద్భుతమొక్కటే. భట్టతౌతుని ఆక్షేపణకు తావులేని చోట కూడా అనుకరణవాదం నిలబడకపోవడం ఇక్కడ స్పష్టమవుతుంది. మూలం తెలిసి, అనుకరణ నిర్దుష్టంగా ఉన్నంత మాత్రాన పాటలోని రసం నిష్పన్నం కావడం లేదు.

రెండవ వర్గానికి చెందినవారు సంఖ్యలో ఎక్కువ. వీరి పాటలో రేఖలు సరిగా ఉంటాయి, ప్రాణం ఉండదు. వరుస తప్పదు, తాళం తప్పదు. కాని శ, ష, స భేదం పోతుంది, ఒత్తులు తేలిపోతాయి, సమాసం మధ్యలో ఊపిరి తెగుతుంది. తెలుగు పదాన్ని స్పష్టంగా, అర్థానికి తగిన బరువుతో పలకడం ఘంటసాల గానంలో ప్రాణప్రదమైన గుణం. దాన్ని వదిలి గొంతు పోలికను పట్టుకోవడం రంగులు మరచి చట్రాన్ని భద్రపరచడం వంటిది.

మూడవ వర్గం వారు తమ గొంతుతోనే పాడతారు. పోలిక శరీరనిర్మాణంలో ఉంటుంది: అదే సాహిత్యం, అదే రాగభావం, అవే ప్రధానమైన సంగతులు. జీవం మాత్రం పాడేవారిది. ఘంటసాల ఒక మాట దగ్గర ఎందుకు ఆగాడో అర్థం చేసుకొని తమ ఊపిరికి తగినట్లు ఆగుతారు. ఇటువంటి గాయకుడు పాడుతున్నప్పుడు శ్రోత కొంతసేపటికి పోల్చడం మానేస్తాడు. పోల్చడం ఆగిన ఆ క్షణమే విభావరి సఫలమైందనడానికి నమ్మదగిన గుర్తు.

పద్యం – గీటురాయి

ఈ మూడు వర్గాలను వేరుచేయడానికి పద్యాన్ని మించిన పరీక్ష లేదు. రంగస్థల పద్యగానంలో రాగాలాపన అర్థాన్ని మింగేసే సందర్భాలు తరచుగా ఉండేవి. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిక్షణ పొందిన ఘంటసాల ఆ ఆలాపనను కుదించి, పదచ్ఛేదాన్నీ భావాన్నీ ముందుకు తెచ్చాడు. కరుణశ్రీ రచించిన 'పుష్పవిలాపం' పద్యాల రికార్డు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక వైపు 3 నిమిషాలకు కాస్త మించి పట్టని ఆనాటి గ్రామఫోను రికార్డు పరిమితి కూడా ఈ పొదుపుకు దోహదం చేసి ఉండవచ్చు.

పద్యానికి తాళబంధం లేదు. గాయకుడు ముందు నడుస్తాడు, వాద్యకారుడు వెనుక అనుసరిస్తాడు. పాదాంతంలో ఎంతసేపు నిలవాలో, ఏ పదాన్ని రెండుసార్లు పలకాలో గాయకుడు ఆ క్షణంలో నిర్ణయించుకుంటాడు. కొంతకాలంగా వ్యాపించిన ట్రాక్ పద్ధతి ఈ సంబంధాన్ని తారుమారు చేసింది. ముందే సిద్ధం చేసిన వాద్యగోష్ఠి మీద పద్యం పాడేవాడు ఎప్పుడో ఆగిన మరొకరి ఊపిరిని బట్టి ఆగాలి. తాళం లేని పద్యానికి ఆ విధంగా ఒక అదృశ్యమైన తాళం బిగుసుకుంటుంది. పాటలో ఈ లోపం అంతగా తెలియదు, పద్యంలో దాగదు. కీబోర్డు, తబలా, వేణువు మాత్రమే ఉన్న చిన్న బృందమైనా గాయకుణ్ణి వింటూ వాయిస్తే, సంపూర్ణ వాద్యగోష్ఠి నిండిన ట్రాక్ కన్నా పద్యానికి మేలు చేస్తుంది.

శ్రుతి ఎంపిక మరొక పరీక్ష. 'జగదేకవీరుని కథ' (1961) కోసం పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీకానడ రాగంలో కూర్చిన 'శివశంకరీ' పాట విభావరుల్లో పందెంగా మారింది. మూలశ్రుతిలోనే పాడాలన్న పట్టుదలతో తారస్థాయిలో గొంతు బిగబట్టేవారు కొందరు. శ్రుతి తగ్గించి మంద్రంలో స్వరం మాయమైనా సరిపెట్టుకొనేవారు మరికొందరు. దర్బారీకానడకు మంద్రస్థాయి గాంభీర్యం, గాంధారం మీది ఆందోళనం ప్రాణం. తారస్థాయిని అందుకోవడం కన్నా ఆ గాంధారాన్ని నిలకడగా ఊయలలూపడం కష్టం. చప్పట్లు మాత్రం మొదటిదానికే దక్కుతాయి.

సినీరంగం ఇచ్చిన సమాధానం

ఘంటసాల తరువాతి కాలంలో తెలుగు సినిమా ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. 1970ల తొలినాళ్లలో వెలుగులోకి వచ్చిన వి. రామకృష్ణ గాత్రంలో ఘంటసాల పోలికలు ఉన్నాయని శ్రోతలు భావించారు. ఆ పోలిక ఆయనకు ఆదరణను తెచ్చింది, తప్పించుకోలేని కొలబద్దను కూడా తెచ్చింది. అయితే 'భక్త కన్నప్ప' (1976) వంటి చిత్రాల్లో ఆయన పాటలు నిలిచింది పోలిక వల్ల కాదు, ఆయన సొంత ఆర్ద్రత వల్ల. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' కోసం తొలి పాట పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతుకు ఘంటసాల గొంతుతో పోలిక లేదు. కాని నటుని వాచికాన్ని పట్టుకొని గొంతును మలచడమనే ఘంటసాల మార్గాన్ని అందరికన్నా దూరం తీసుకువెళ్లింది ఆయనే. పోలికను వారసత్వంగా భావించడం పొరపాటని, పద్ధతిని అందుకోవడమే వారసత్వమని ఈ రెండు ఉదాహరణలు సూచిస్తాయి. ఘంటసాల కూడా తనకు ముందున్న రంగస్థల గాయకులను అనుకరించలేదు. వారినుంచి పద్యాన్ని తీసుకొని దాని నడకను మార్చాడు.

జ్ఞాపకం – దాని పరిధి

విభావరికి వచ్చేవారిలో చాలామంది కోరేది జ్ఞాపకాన్నేనని, దాన్ని రసప్రమాణంతో తూచడం అన్యాయమని ఒక ఆక్షేపణ రావచ్చు. ఇది తోసిపుచ్చదగినది కాదు. పదిమంది ఒకచోట చేరి ఒక గొంతును తలచుకోవడానికి సామాజిక విలువ ఉంది. కాని 1974 నాటికి ఇరవై యేళ్లున్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఆయన కొత్త పాట కోసం ఎదురుచూసిన అనుభవం వారితోనే ముగుస్తుంది. ఆ జ్ఞాపకం లేని యువశ్రోతకు "అచ్చం ఘంటసాలే" అన్న మాటలో ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. అచ్చమైనది వినాలంటే అతనికి రికార్డు ఉంది. రికార్డు ఇవ్వలేనిది ఇస్తేనే అతడు సభకు వస్తాడు.

కార్యక్రమ రూపకల్పన కూడా ఇక్కడ చర్చనీయం. చాలా విభావరుల్లో వినిపించేవి అవే కొన్ని పాటలు. 'పాతాళభైరవి' (1951) నుంచి 'లవకుశ' వరకు ఎన్నో చిత్రాలకు సంగీతం సమకూర్చిన స్వరకర్తగా ఘంటసాల వేదికపై అరుదుగా కనిపిస్తాడు. పాట రాసిన కవి పేరు, వరుస కట్టిన సంగీతదర్శకుని పేరు చెప్పకుండానే పాట మొదలుపెట్టే అలవాటు పాతుకుపోయింది. మహాగాయకుడికి నివాళి పేరుతో పింగళి నాగేంద్రరావు, పెండ్యాల, సి.ఆర్. సుబ్బరామన్ వంటివారు మరుగునపడటం నివాళి ఉద్దేశానికే విరుద్ధం.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. గాత్రసాదృశ్యం విభావరి గుణానికి ప్రమాణం కాజాలదు. అది విస్మయాన్ని కలిగించగలదు గాని పాటలోని స్థాయిభావాన్ని రసస్థితికి చేర్చలేదు. ఉచ్చారణశుద్ధి, అర్థానుగుణమైన విరామం, గొంతుకు తగిన శ్రుతి, గాయకుణ్ణి అనుసరించే సజీవ వాద్యసహకారం, పాటల ఎంపికలో విస్తృతి అనే అయిదింటిని ప్రమాణాలుగా స్వీకరించవచ్చు. వీటితో తూచినప్పుడు మంచి విభావరులు కొద్దిగానే కనిపిస్తాయి. కాని ఆ కొద్దీ రికార్డు చేయలేని పనిని చేస్తున్నాయి. ఇవి అంగీకృతమైతే యువగాయకునికి ఒక వెసులుబాటు కూడా కలుగుతుంది. తన గొంతును దాచుకోకుండానే ఘంటసాల పద్యాన్ని ఎత్తుకొనే అధికారం అతనికి లభిస్తుంది. పద్యం రాగల శ్రోతల చెవికి చేరడానికి అదే దారి.