బొమ్మ ముఖాల భాష

నవ్వి నవ్వి కన్నీళ్లు కార్చే ఎమోజీని 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు ఆ ఏటి మాటగా ఎన్నుకున్నారు. కళ్లజోడు పెట్టుకోని పెద్దమ్మకి అందులో ఏడుపే కనబడుతుంది. చావు కబురుకి దాన్నే పంపిందనుకోండి, ఇంకేముంది!

1999లో జపానులో షిగెతక కురిత రూపొందించిన 176 బొమ్మలతో ఈ లిపి ప్రచారంలోకొచ్చింది. చీర 2019లోగాని చేరలేదు. మన నెల్లూరు చేపల పులుసు కోసం ఫోనంతా వెతకండి: చేప ఒకచోట, గిన్నె ఒకచోట దొరుకుతాయి, పులుపు మాత్రం దొరకదు.

అలాగని తీసిపారేయలేం. "సరే" అన్న పొడిమాట పక్కన చిన్న నవ్వు పెడితే కోపం లేదని తెలుస్తుంది. కానీ హావభావాలన్నీ మాటల్లోనే కట్టిచూపిన తిక్కనగారిది మన నెల్లూరే కదా! శుభవార్తకి బొమ్మ చాలు. పరామర్శకి మాత్రం రెండు మాటలు రాయండమ్మా.