తాళ్ల పేర్లు తెలియకపోయినా...

"సముద్రం నవలా? మనకేం అర్థమవుతుందీ!" అనుకున్నాను, పాట్రిక్ ఓబ్రియన్ 'మాస్టర్ అండ్ కమాండర్'ని మా తమ్ముడు నా చేతిలో పెట్టినప్పుడు. 1969లో వచ్చిన పుస్తకం. ఎక్కడ చూసినా తెరచాపల పేర్లూ, తాళ్ల పేర్లూ! విసుగొచ్చి మూసేశాను.

మళ్లీ తెరిపించింది డాక్టర్ మాట్యురిన్. ఓడలోనే ఉంటూ ఆయనకీ ఆ పేర్లు ఒంటబట్టవు. పడవెక్కబోయి నీళ్లలో పడుతుంటాడు. అమ్మయ్య, నాకో తోడు దొరికాడు! ఆయనకి నావికులు విడమరచి చెబుతుంటే మనమూ పక్కన కూర్చుని వింటాం.

కెప్టెన్ ఆబ్రీ సముద్రం మీద ఎంత గట్టివాడో ఒడ్డున అంత అమాయకుడు. 1800లో, మినోర్కా ద్వీపంలో, ఓ కచేరీలో ఈ ఇద్దరి పరిచయం తగవుతోనే మొదలు! తరవాత ఒకరు వయొలిన్, ఒకరు చెల్లో కలిసి వాయించుకుంటారు. నెపోలియన్ యుద్ధాలు వెనక తెర మాత్రమే. కథంతా ఆ స్నేహానిదే.

లోపం లేదనను. ఆబ్రీ భార్య సోఫీ ఒడ్డున ఒంటరిగా సంసారం ఈదుతుంది. ఆ ఈతను కూడా ఇంకాస్త రాసుంటే బాగుండేది.

ఈ వరసలో ఆయన పూర్తిచేసినవి 20 నవలలు; చివరిది 1999లో వచ్చింది. నాకింకా మూడే మిగిలాయి. పండగ మిఠాయిలా దాచుకుని చదువుతున్నాను.